మెనూ కార్డులో అమ్మ

మా అమ్మకి డెబ్బై ఏళ్ళు నిండిన రోజున తమ్ముడూ నేనూ కలిసి ఆమెని విశాఖ బీచ్ రోడ్డు వైపున్న ఒక ఖరీదైన రెస్టారెంటుకి తీసుకెళ్ళాం. పెళ్ళయి గోపాలపట్నం వచ్చినప్పటి నుంచీ అమ్మ ఈ ఊళ్ళోనే ఉంది. అయినా అలాంటి చోట కూర్చుని తినడం ఆమెకి అదే మొదటిసారి. కుర్చీ అంచు మీద కూర్చుంది. ఏసీ చలికి కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. ఒళ్ళో పరుచుకోమని ఇచ్చిన తెల్లటి గుడ్డని మడత విప్పకుండా పక్కన పెట్టేసింది. "ఎవులో ఒకలు ఉతకాల గదా" అంది.

నేను మెనూ చదివి వినిపించాను. అమ్మ చేతి పప్పుచారు, అమ్మమ్మగారి గుత్తివంకాయ, నాటుకోడి పులుసుతో రాగిసంగటి. అమ్మ అన్నీ శ్రద్ధగా విని, ఆర్డరు రాసుకోవడానికి వచ్చిన కుర్రాణ్ణి అడిగింది.

"ఎవులు వండుతారు బాబూ?"

"చెఫ్ గారండీ."

"ఆడమనిషా?"

"కాదమ్మా, సారు."

"మరి అమ్మ సేతి వంటని రాసినారు గదా. ఆ అమ్మేదీ?"

అందరం నవ్వాం. ఆ కుర్రాడూ నవ్వాడు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నేను పాతికేళ్ళు తెలుగు పాఠాలు చెప్పాను. ఒక కథ చేతికిస్తే ఇది ఎవరు చెప్తున్నారు, ఎవరి గురించి చెప్తున్నారు, ఎవరి గొంతు వినపడటం లేదు అని పిల్లల చేత అడిగించాను. అదే ప్రశ్న మెనూ కార్డుని అడగాలని నాకెప్పుడూ తోచలేదు. చదువుకోని మా అమ్మకి తోచింది.

తోచడానికి కారణం ఉంది. నాన్న పోయాక అమ్మ మమ్మల్ని వంటతోనే పెంచింది. పోర్టుకీ, డాక్‌యార్డుకీ షిఫ్టులకి వెళ్ళే మగవాళ్ళకి క్యారియర్లు కట్టింది. తర్వాత రైతుబజారు దారిలో చిన్న కర్రీ పాయింటు పెట్టింది. తెల్లారకముందే పొయ్యి వెలిగించేది. పప్పు, ఒక వేపుడు, ఒక పులుసు, రసం. పొట్లాలన్నీ అమ్ముడుపోయాక, మధ్యాహ్నం మూడింటికి, గిన్నెలకి అంటుకున్నది తను తినేది. మేము ఆ రోజు తాగిన పప్పుచారు ఖరీదుతో అమ్మ దగ్గర ఒక మనిషి నాలుగు రోజులు పప్పూ కూరా కొనుక్కునేవాడు. 'అమ్మ చేతి వంట' అంటే ఆమెకి కవిత్వం కాదు. అది బొబ్బలెక్కిన చేతులు, అప్పుల లెక్క, మోకాళ్ళ నొప్పి.

ఈ ఊళ్ళో పెద్ద రెస్టారెంట్లు కొత్తేమీ కాదు. 1980లో వచ్చిన డాల్ఫిన్, దసపల్లా, బీచ్ రోడ్డులో పార్క్, ఆ తర్వాత నోవాటెల్. మా చిన్నతనంలో అవి ఆఫీసర్లవీ, షావుకార్లవీ. అప్పట్లో ఖరీదైన తిండి అంటే ఉత్తరాది తందూరీ, లేదా చైనీస్. మన కూరలు హోటల్లో తినడమేమిటి, ఇంట్లో ఉన్నాయిగా అనుకునేవారు. 'ఇంట్లో ఉన్నాయి' అంటే ఇంట్లో వాటిని ఊరికే వండిపెట్టే మనిషి ఉందని అర్థం. గత ఇరవై ఏళ్ళలో ఆ ఇంటి కూరలే రాగి గిన్నెల్లో, అరిటాకుల మీద, పెద్ద ధరలతో పైకొచ్చాయి. ఆడవాళ్ళు చదువుకుని ఉద్యోగాలకి వెళ్తున్నారు. నాలుగు గంటలు పట్టే పిండివంటకి ఎవరికీ తీరిక లేదు. తీరిక పోయాక ఆ వంట మీద బెంగ పుట్టింది. ఆ బెంగని మెనూ కార్డు అమ్ముతోంది.

అమ్మడంలో తప్పేం లేదు. మా అమ్మ కూడా అమ్మింది. నా పేచీ ఆ కార్డు వాడే మాటతో. 'ప్రేమతో వండిన', 'అమ్మ మమకారం కలిపిన' లాంటి మాటలతోనే కదా ఇంట్లో ఆడవాళ్ళ చేత జీతం లేని చాకిరీ చేయించుకుంటున్నారు! 2024లో ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటివాళ్ళ కోసం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అదే పని చేసే మగవాళ్ళు వెచ్చించేది 88 నిమిషాలు. ప్రేమ అని పేరు పెడితే కూలి అడగరని ఇంటికి ఎప్పుడో తెలుసు. రెస్టారెంటు ఆ ప్రేమకి ధర కట్టింది కానీ ఆ డబ్బు వేరేవాళ్ళ గల్లాలోకి వెళ్తోంది.

వంటకి కర్త ఎవరన్న ప్రశ్న అంత తేలికైనది కాదు. చికెన్ మంచూరియాని 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో తయారుచేసింది నెల్సన్ వాంగ్ అంటారు. చికెన్ 65 పుట్టింది మద్రాసు బుహారీ హోటల్లో అంటారు. బటర్ చికెన్ సంగతి కోర్టుకే ఎక్కింది. దాన్ని కనిపెట్టింది తమ పెద్దాయన కుందన్‌లాల్ గుజ్రాల్ అని మోతీ మహల్ వాళ్ళు, కాదు తమ కుందన్‌లాల్ జగ్గీ అని దర్యాగంజ్ రెస్టారెంటు వాళ్ళు. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ముందుకొచ్చిన ఆ దావాలో మోతీ మహల్ వాళ్ళు అడిగిన నష్టపరిహారం రెండు కోట్లు. రెస్టారెంటులో పుట్టిన వంటకానికి తండ్రి పేరుంటుంది, వారసులుంటారు, వకీళ్ళుంటారు. మరి కూరకి ఆవ పెట్టడం మొదట ఎవరికి తట్టింది? బెల్లం పులుసులో తీపీ పులుపూ ఎక్కడ తూగాలో ఎవరు తేల్చారు? ఈ కూరల కోసం ఎవరూ కోర్టుకి వెళ్ళరు. ఎందుకంటే వాటిని చేసినవాళ్ళందరికీ కలిపి ఒకటే పేరు, 'అమ్మ'. అది గౌరవంగా వినిపిస్తుంది కానీ నిజానికి పేరు లేకపోవడమే. మాలతీ చందూర్ 'వంటలు-పిండివంటలు' అట్ట మీద ఆమె పేరుంది. కాబట్టే తరాల తెలుగు ఇళ్ళలో ఆమెని ఒక రచయిత్రిగా తలుచుకున్నారు. పేరు రాస్తే ఎంత తేడా వస్తుందో అక్కడ చూడొచ్చు.

మెనూలో ఏమున్నాయన్నది ఎంత ముఖ్యమో ఏవి లేవన్నదీ అంతే ముఖ్యం. అమ్మ ఆ రోజు ఎండునెత్తళ్ళు ఉన్నాయా అని అడిగింది. కుర్రాడు ఇబ్బందిగా చూసి, వాసన కదమ్మా, లోపల ఏసీ అన్నాడు. తర్వాత వంగి మెల్లగా, "మా స్టాఫు భోజనంలో పెడతారమ్మా" అన్నాడు. అతనిది శ్రీకాకుళం వైపట. ఇంత సముద్రం పక్కన పెట్టుకుని, మత్స్యకార ఆడవాళ్ళు ఎండబెట్టి, గంపకెత్తి, వీధి వీధీ తిరిగి అమ్మే చేపకి ఆ బల్ల మీద చోటు లేదు. కోనాం ఉంది, కాకపోతే 'సీర్ ఫిష్' అయింది. చోడి అంబలి లేదు. చోళ్ళే రాగులన్న పేరుతో సంగటి అయి రాయలసీమ నుంచి వచ్చి కూర్చున్నాయి. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక వాటి హోదా ఇంకా పెరిగింది. చిన్నప్పుడు బళ్ళో ఎవరైనా చూస్తారని అంబలి చెంబు దాచుకుని తాగాను నేను. ఆ సిగ్గు పేదవాళ్ళకి వదిలేసి, రుచిని మాత్రం పైకి తీసుకెళ్ళారు. నేను చూసిన 'ఆంధ్రా' మెనూల్లో ఉత్తరాంధ్ర ఉన్నది అరకు బొంగు చికెన్ రూపంలోనే. అందులోనూ ఆ బొంగు కొట్టుకొచ్చి నిప్పుల మీద తిప్పిన ఆదివాసీల ఊసు లేదు.

అదే హోటల్లో ఇంకో అంతస్తులో 'ఆసియా' వంటల రెస్టారెంటు ఉంది. చైనా, థాయ్‌లాండ్, జపాన్ అన్నీ ఒకే కార్డులో. దాని తలుపు దగ్గర ఈశాన్య రాష్ట్రాల అమ్మాయి ఒకామె పట్టుబట్టల్లో నవ్వుతూ నిలబడి ఉంది. ఆమె ముఖం వాళ్ళకి కావాలి, ఆమె ఊరి వంట అక్కర్లేదు. మొత్తం ఆ భవనంలో ఆడవాళ్ళని లెక్కపెట్టాను. తలుపు దగ్గర ఒకరు. రెస్ట్‌రూము తుడుస్తూ ఒకరు. వెనక గేటు దగ్గర రొయ్యలు ఒలిచి చేతులు కడుక్కుంటూ ఇద్దరు. ఇక మెనూ కార్డులో అమ్మా, అమ్మమ్మా.

ఆడవాళ్ళు ఇలాంటి చోట్ల పనిచేయడానికి చట్టమే అడ్డున్న రోజులున్నాయి. మద్యం వడ్డించే చోట ఆడవాళ్ళని పనిలో పెట్టుకోకూడదన్న 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టం నిబంధనని ఢిల్లీ హోటళ్ళ కేసులో సుప్రీంకోర్టు 2007 డిసెంబరులో కొట్టేసింది. రక్షణ పేరుతో ఆడవాళ్ళ ఉపాధి తీసేయకూడదు, వాళ్ళు భద్రంగా పనిచేసే పరిస్థితి కల్పించాలి అన్నదే ఆ తీర్పు సారం. చట్టం తలుపు తీసింది. కానీ పొయ్యి దగ్గర ఆడవాళ్ళు నాకు ఇంకా కనపడటం లేదు. బరువైన గిన్నెలు ఎత్తలేరు, రాత్రి పొద్దుపోతుంది అంటారు. మా అమ్మ ఎత్తిన గిన్నెలు నేను చూశాను.

ఇంత రాశాక ఇంకో మాట చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది. అమ్మకి ఆ భోజనం నచ్చింది. పప్పుచారులో ఇంగువ ఎక్కువైందంది, సంగటి బాగుందంది. అన్నిటికంటే ఆమెకి నచ్చింది వేడి. పొగలు కక్కే అన్నం తన ముందుకి రావడం, ఎవరికి ఏం తక్కువైందో చూడటానికి లేవక్కర్లేకపోవడం. మధ్యలో రెండుసార్లు అలవాటుగా లేవబోయి మళ్ళీ కూర్చుంది. వంటింటి గురించి విమల కవిత 'వంటిల్లు'ని నేను ఎన్నిసార్లు క్లాసులో చదివానో! కానీ మా అమ్మకి ఒక పూట వంటింటి నుంచి సెలవిచ్చింది ఆ కవితా కాదు, నేనూ కాదు. ఆ ఖరీదైన రెస్టారెంటే. కాబట్టి దాన్ని తిట్టి పక్కన పడేయలేను. వండిన చేతులకి ఆ కుర్చీ ఎప్పుడు దొరుకుతుందన్నదే నా ప్రశ్న. 'అమ్మ చేతి వంట' అని రాసేవాళ్ళు ఆ అమ్మల్ని జీతమిచ్చి వంటగదిలోకి తెచ్చుకోవచ్చు. చెఫ్ అని పిలవొచ్చు. కార్డు మీద పేరూ ఊరూ వేయొచ్చు. అవేవీ చేయనప్పుడు ఆ మాట తీసేయాలి.

బల్ల దగ్గర నుంచి లేస్తూ అమ్మ కంచాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చేసింది. కుర్రాడు వద్దమ్మా వద్దమ్మా అంటున్నా ఆగలేదు.

ఇదంతా రాస్తుంటే మా కర్రీ పాయింటు బోర్డు గుర్తొచ్చింది. పసుప్పచ్చ రేకు మీద ఎర్ర అక్షరాలతో రాయించినది నాన్న పేరు. ఆడదాని కొట్టంటే అప్పులు ఎగ్గొడతారని అమ్మే అలా రాయించింది. పదిహేనేళ్ళు రోజూ ఆ బోర్డు కింద నుంచే నేను కాలేజీకి వెళ్ళాను, వచ్చాను. ఆ వంట ఎవరిదో నాకు తెలుసు. అయినా ఆ పేరు మార్చుదామా అమ్మా అని ఒక్కసారి కూడా అడగలేదు.