పేరు తెలియని దోమ

1895లో సికింద్రాబాద్ వచ్చిన సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ రెండేళ్లపాటు ఎన్ని దోమల పొట్టలు కోసినా మలేరియా క్రిమి జాడ దొరకలేదు. ఓపికకు కొదవ లేదు, సూక్ష్మదర్శినిలోనూ లోపం లేదు. కోసిన దోమలే వేరు. బూడిదరంగువి, చారలవి, మచ్చల రెక్కలవి అని ఆయన తనకు తోచినట్టు విడదీసుకున్నాడు. కుట్టించుకున్న రోగికి దోమకో అణా చొప్పున ఇచ్చి, 1897 ఆగస్టు 20న బేగంపేటలో మచ్చల రెక్కల దోమ పొట్టలో ఆ క్రిమిని చూశాడు. జర్మన్ శాస్త్రజ్ఞుడు మైగెన్ ఆ ప్రజాతికి ఎనాఫిలిస్ అని పేరు పెట్టి అప్పటికే ఎనభై ఏళ్లు కావస్తోంది. అది రాస్‌కు తెలియదు. పేరు లేకుండానే కనిపెట్టాడు కదా, ఇక వర్గీకరణ ఎందుకని అడగవచ్చు. కనిపెట్టడానికి పేరు అక్కర్లేకపోవచ్చు గానీ, విడదీయడం కావాల్సి వచ్చింది. పైగా 'మచ్చల రెక్కలది' అంటే ఇంకో దేశంలో ఏ దోమను పట్టాలి? మరుసటి ఏడాది ఇటలీలో జంతుశాస్త్రజ్ఞుడు గ్రాసీ ఎనాఫిలిస్ అని తేల్చి చెప్పాకే వేట సులువైంది. ఘనత ఎవరిదన్న తగువు మాత్రం చాలాకాలం నడిచింది.

ఈ పేర్లు మారుతూనే ఉంటాయి కదా, వాటిని నమ్మేదెలా అన్నది ఇంకాస్త గట్టి అభ్యంతరం. అందులో న్యాయం ఉంది. డెంగీ దోమ ఈడిస్ ఈజిప్టైని 2004లో స్టెగోమియా ప్రజాతిలోకి మార్చబోతే, కొన్ని శాస్త్ర పత్రికలు పాత పేరే వాడతామన్నాయి. అయితే అన్ని మార్పులూ ఒక గాటన కట్టేవి కావు. మన పల్లెల్లో మలేరియాను ఎక్కువగా మోసే ఎనాఫిలిస్ క్యూలిసిఫేసిస్‌ను 1901 నుంచి ఒకే జాతి అనుకున్నారు. క్రోమోజోములు చూశాక అవి ఐదని తేలింది. కంటికి అన్నీ ఒకటే. వాటిలో 'బి' అన్నది మలేరియాను మోయడంలో బలహీనం. ఊళ్లో ఏది ఎక్కువో తెలియకపోతే, ఆ ఊరికి ముప్పెంతో దోమల లెక్క చెప్పలేదు. వర్గీకరణకు పునాది వేసిన శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఆకారం చూసి విడదీసిన పద్ధతి తప్పు కాదు, ఈ ప్రశ్నకు చాలలేదంతే.

దోమ సంగతి సరే, అది మోసే క్రిమి మాటేమిటి? ప్లాస్మోడియంను ప్రోటోజోవా అంటూ జంతువుల్లో వేసి చదివించారు. 1990ల్లో దాని కణంలో శైవలాల నుంచి వచ్చిన, పత్రహరితం పోయిన హరితరేణువు అవశేషం బయటపడింది. ఆ రేణువు మూలం బ్యాక్టీరియా. బ్యాక్టీరియా మీద వాడేందుకు తయారైన డాక్సీసైక్లిన్ మందు మలేరియా క్రిమి మీద ఎలా పనిచేస్తుందో ఆ తర్వాతగానీ అర్థం కాలేదు.