పాత ఆటలకు అట్టలు వేసే చేతులు

2019 అక్టోబరు 30న వాల్వ్ సంస్థ తన కంప్యూటర్ ఆటల దుకాణం స్టీమ్‌లో, కొన్న ఆటలు కనబడే లైబ్రరీ రూపురేఖల్ని పూర్తిగా మార్చేసింది. అంతవరకూ పేర్ల జాబితాగానో, అడ్డంగా ఉండే చిన్న పలకలుగానో కనిపించిన ఆటలు ఆ రోజు నుంచి పుస్తకాల షాపులో ముఖచిత్రాలు కనబడేలా నిలబెట్టినట్టు నిలువు బొమ్మల వరసలయ్యాయి. ఒక్కో బొమ్మ వెడల్పు 600 పిక్సెళ్లు, ఎత్తు 900. కొత్తగా వచ్చే ఆటలకు ఈ కొలతలో బొమ్మను తయారీదారులే ఇస్తారు. మరి అంతకు పదేళ్లో ఇరవయ్యేళ్లో ముందు వచ్చిన ఆటల సంగతేమిటి? వాటిని చేసిన సంస్థలు కొన్ని మూతపడ్డాయి, కొన్ని చేతులు మారాయి. పాత ఆటకు కొత్త బొమ్మ చేయించే ఓపిక కొన్నింటికి లేదు. నిలువు బొమ్మ అందని ఆటకు స్టీమ్ తనే ఓ సర్దుబాటు చేస్తుంది. దుకాణం పేజీ కోసం ఎప్పుడో చేసిన 460×215 అడ్డం బొమ్మను నడుమ పెట్టి, దాన్నే పెద్దది చేసి మసకబార్చి పైనా కిందా నింపుతుంది. వరసలో అలాంటివి నాలుగుంటే చాలు, లైబ్రరీ అంతా వెలవెలబోతుంది.

ఈ లోటు తీర్చే పని అభిమానులు నెత్తికెత్తుకున్నారు. వాళ్లు చేసిన బొమ్మలు స్టీమ్‌గ్రిడ్‌డీబీ అనే భాండాగారంలో పోగుపడ్డాయి. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. లైబ్రరీలో ఆట మీద మౌస్ కుడి మీట నొక్కి, మేనేజ్‌లోకి వెళ్లి, సెట్ కస్టమ్ ఆర్ట్‌వర్క్ అన్నచోట ఆ ఫైలు చూపిస్తే సరిపోతుంది. పెట్టుకునేవాళ్లకు అర నిమిషం పని. చేసినవాళ్లు ఎంత ఆలోచించి ఉంటారో మాత్రం బొమ్మను బాగా పెద్దది చేసి మూలమూలా చూస్తే గానీ తెలియదు. ఒకసారి అలా చూడటం అలవాటయ్యాక నాకు ఈ పని మీద గౌరవం పెరుగుతూనే ఉంది.

ముందు లెక్క చూద్దాం. ఆ 460×215 అడ్డం బొమ్మలోంచి నిలువు ముక్క కోస్తే దక్కేది 143×215 మాత్రమే. దాన్ని 600×900కి సాగదీస్తే అటూ ఇటూ నాలుగింతలు దాటుతుంది, వైశాల్యంలో పదిహేడు రెట్లు పైబడుతుంది. ముఖాలు ముద్దలవుతాయి, అక్షరాల అంచులు మెట్లుమెట్లుగా విరుగుతాయి. కాబట్టి నిజంగా పని తెలిసినవాళ్లు ఆ చిన్న బొమ్మ జోలికి వెళ్లరు. మూలానికి వెళ్తారు. మూలం అంటే ఆ ఆట మొదట అమ్ముడుపోయిన అట్టపెట్టె.

తొంభైల్లో అమెరికాలో కంప్యూటర్ ఆటలు పెద్ద అట్టపెట్టెల్లో వచ్చేవి. ఆ పెట్టె ముఖాన్ని స్కాన్ చేసి పెద్దది చేస్తే మొదట కనబడేది బొమ్మ కాదు, అచ్చు చుక్కలు. నాలుగు రంగుల చుక్కల్ని పక్కపక్కన పేర్చి వేసిన అచ్చు అది. తొందరపడి చిన్నది చేస్తే ఆ చుక్కలన్నీ కలిసి బొమ్మ నిండా గళ్లగళ్లుగా అలలు లేస్తాయి. అందుకే ఎక్కువ సాంద్రతలో, అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేసి, చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసేంత మేరకే మసకబరిచి, ఆ తర్వాత కొలతకు కుదించాలి. మసక తగ్గితే అలలు మిగులుతాయి, ఎక్కువైతే కుంచె గీతలు పోతాయి. ఆ మధ్య బిందువు ప్రతి పెట్టెకూ వేరు. ఇక అరిగి తెల్లబడిన మూలలు, ధర చీటీ పీకిన మచ్చ, వయసు హెచ్చరిక ముద్ర, సీడీ రామ్ అని రాసిన పట్టీ, వీటన్నిటినీ తీసేసి, వాటి కింద ఏముండేదో ఊహించి గీయాలి.

ఇంత చేసినా కొలత కుదరదు. ఆ పెట్టెల ముఖం దాదాపు 4:5 నిష్పత్తిలో ఉంటుంది, స్టీమ్ అడిగేది 2:3. 600 వెడల్పుకు సరిచేస్తే ఎత్తు 750 దగ్గర ఆగిపోతుంది, 150 వరసలు తక్కువ. ఎత్తు 900 చేస్తే వెడల్పు 720 అవుతుంది, చెరో పక్కా 60 చొప్పున కోసేయాలి. కోయాలా, గీయాలా? చేసేవాళ్ల పనితనం ఈ ఒక్క నిర్ణయంలోనే సగం బయటపడుతుంది.

డూమ్‌నే తీసుకుందాం. ఐడీ సాఫ్ట్‌వేర్ 1993 డిసెంబరు 10న విడుదల చేసిన ఈ ఆటకు ముఖచిత్రం వేసింది టెక్సస్ చిత్రకారుడు డాన్ ఐవన్ పంచాట్జ్. ఆ బరువైన ఇనుప అక్షరాల లోగో కూడా ఆయనదే. మోడల్‌గా వచ్చిన మనిషి భంగిమ కుదరకపోతే, ఆటను చేసినవాళ్లలో ఒకడైన జాన్ రొమేరో తనే చొక్కా విప్పి, తుపాకీ పట్టి నిలబడి చూపించానని చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు. చిత్రంలో సైనికుడు ఎత్తు మీద ఉన్నాడు, నలువైపుల నుంచీ దయ్యాలు ఎగబాకుతున్నాయి. ఆ చిత్రం ప్రాణమంతా చుట్టుముట్టడంలో ఉంది. పక్కలు కోశారా, దయ్యాలు సగం పోయి ముట్టడి కాస్తా మామూలు కొట్లాట అయిపోతుంది. నాకు బాగా నచ్చిన నిలువు బొమ్మ చేసినవాళ్లు ఒక్క దయ్యాన్నీ వదులుకోలేదు. వెడల్పు అలాగే ఉంచి, పైన ఎర్రటి ఆకాశాన్ని పెంచారు. పెంచిన చోట పొగ కదిలే దిక్కు, కింద పంచాట్జ్ వేసిన పొగ దిక్కుతో కలుస్తుంది. రంగు ఒక్కసారిగా మారదు, పైకి వెళ్లేకొద్దీ కొద్దికొద్దిగా చీకటవుతుంది. ఆ చీకటిలో లోగో కూర్చుంది. అసలు గీత ఎక్కడ ఆగిందో, కొత్త గీత ఎక్కడ మొదలైందో రెండు వందల శాతం పెద్దది చేసి వెతికినా నాకు చిక్కలేదు. ఇంకొకరి చిత్రంలో చేయి పెట్టి, తన చేయి కనబడకుండా తీసుకోగలగడం మామూలు విద్య కాదు.

ఇప్పుడు కృత్రిమ మేధతో చిన్న బొమ్మను క్షణంలో పెద్దది చేసే సాధనాలు చాలా వచ్చాయి. ఫోటోలకు అవి పనికొస్తాయేమో గానీ చేత్తో వేసిన చిత్రాలకు అవి చేసేది నాకు నచ్చదు. కుంచె గరుకును అవి మచ్చ అనుకుంటాయి. దయ్యం చర్మం ప్లాస్టిక్‌లా నునుపు తేలుతుంది, దూరంగా ఉన్న మనిషి ముఖంలో లేని కళ్లు మొలుస్తాయి. అచ్చు గరుకు కాస్త మిగిలిన బొమ్మే నాకు ఎప్పుడూ మేలు.

నిలువు బొమ్మ తర్వాత పరీక్ష హీరో బ్యానర్. ఆట పేజీ తెరిస్తే పైన పరుచుకునే అడ్డం చిత్రమది. కొలత 3840×1240, అంటే ఎత్తుకు మూడింతలకు పైగా వెడల్పు. ఆ ఆకారంలో పాత చిత్రాలు దొరకడం అరుదు. దాని మీద అక్షరం ఉండకూడదు, లోగో విడిగా వస్తుంది. కిటికీ కొలత మారేకొద్దీ అంచులు తెగిపోతాయి కాబట్టి ముఖ్యమైనదంతా నడిమధ్య 860×380 మేరలో ఇమడాలని వాల్వ్ సూచన.

ఇక్కడ మంచి పనివాళ్లు పెట్టె వదిలేసి ఆటలోకే వెళ్తారు. డూమ్ తెర 320×200. కానీ ఆ రోజుల్లో మానిటర్లు 4:3 కాబట్టి ఒక్కో పిక్సెల్ చతురస్రంగా కాక, వెడల్పు కన్నా ఎత్తు అయిదో వంతు ఎక్కువగా కనబడేది. ఆట బొమ్మల్ని చేసినవాళ్లు ఆ సాగుడును చూస్తూనే చేశారు. ఇవాళ ఆ ఫైళ్లను ఉన్నదున్నట్టు తీసి పెద్దవి చేస్తే సైనికుడు పొట్టివాడవుతాడు, గుండ్రని కాకోడెమన్ దయ్యం పైనుంచి నొక్కినట్టు అణిగిపోతుంది. బోలెడన్ని బ్యానర్లలో ఈ పొరపాటు కనబడుతుంది. విషయం తెలిసినవాళ్లు అడ్డంగా అయిదింతలు, నిలువుగా ఆరింతలు పెంచుతారు. 320×200 అప్పుడు 1600×1200 అవుతుంది, అచ్చంగా 4:3. బ్యానర్ ఎత్తు 1240కి ఇది ఎంత దగ్గరో చూడండి. ఇంకో ముచ్చట ఉంది. మొదటి ఎపిసోడ్‌లో కొండలు కనిపించే ఆకాశపు బొమ్మ వెడల్పు 256 పిక్సెళ్లు, కుడి అంచు ఎడమ అంచుతో అతుకు తెలియకుండా కలిసేలా చేసినది. అయిదింతలు చేస్తే 1280. మూడుసార్లు పక్కపక్కన పేరిస్తే సరిగ్గా 3840. ఒక్క పిక్సెల్ కోయనక్కర్లేదు. ఎత్తు 128ని ఆరింతలు చేస్తే 768, కింద మిగిలిన 472 వరసల్లో నేల, దాని మీద దయ్యాలు. ఇదంతా పిక్సెల్‌ను పిక్సెల్‌గానే పెంచాలి. అంచులు నునుపు చేసే పద్ధతి వాడితే ఆట మొత్తానికి ఉన్న 256 రంగుల్లో లేని కొత్త రంగులు పుట్టుకొస్తాయి. ఆ ఎరుపు, ఆ బురద రంగు డూమ్‌వి కాకుండా పోతాయి.

1998లో వచ్చిన హాఫ్ లైఫ్ లాంటి త్రీడీ ఆటకు దారి వేరు. ఆటలో ఆదేశాలు టైపు చేసే కన్సోల్ తెరిచి తుపాకీని, తెర మీది అంకెల్ని కనబడకుండా చేస్తారు. నోక్లిప్‌తో గోడల్లోంచి దూరి, ఆటగాడు ఎప్పుడూ నిలబడలేని చోట నిలబడి, ఆట జరిగే బ్లాక్ మీసా పరిశోధనశాలను ఫోటో తీస్తారు. ఒక చిత్రం చాలకపోతే రెండు మూడు తీసి అతుకుతారు. పలకలు పలకలుగా ఉండే పైపుల్ని, మోటు గోడల్ని దాచకుండా అలాగే ఉంచినవాళ్లను నేను మెచ్చుకుంటాను. పాత ఆట పేజీ తెరిచిన మనిషికి పాత ఆటే కనబడాలి.

లోగో చిన్న పనిలా కనబడుతుంది గానీ ఎక్కువమంది తప్పేది ఇక్కడే. పెట్టె మీది లోగోను కత్తిరిస్తే అంచుల్లో వెనకటి రంగు సన్నని పొరలా అంటుకుని ఉంటుంది. ముదురు బ్యానర్ మీద పెట్టగానే తెల్లటి తొడుగులా బయటపడుతుంది. దాన్ని గీకడం కన్నా అక్షరాలను వెక్టర్ గీతల్లో మళ్లీ గీయడమే నయం. ఇంకోటి, అక్షరాల చుట్టూ వదిలేసిన పారదర్శక ఖాళీని కూడా స్టీమ్ లోగో కొలతలో కలిపేస్తుంది. ఆ ఖాళీ కోయకపోతే ఎంత మంచి లోగో అయినా మూలన చిన్నబోయి కూర్చుంటుంది.

మన ఊళ్లలో ఇంటర్నెట్ కేఫుల్లో గంటకింత అని కట్టి జీటీఏ వైస్ సిటీ ఆడిన తరానికి ఈ ముచ్చట ఇంకా దగ్గరది. జీటీఏ ముఖచిత్రాలంటే గళ్లుగళ్లుగా విడగొట్టిన బొమ్మలు, పై ఎడమ గడిలో హెలికాప్టర్. అది ఆ సిరీస్ ఆనవాయితీ. నిలువు కొలతకు పక్కలు కోసేస్తే మొదట పోయేది ఆ హెలికాప్టరే. పట్టింపు ఉన్నవాళ్లు కోయరు, ప్రతి గడినీ విడదీసి, మధ్య నల్ల గీతల్ని మళ్లీ గీసి కొత్త కొలతకు పేరుస్తారు. పాత వైస్ సిటీని 2021 అక్టోబరులో స్టీమ్ అమ్మకం నుంచి తీసేశారు. అంతకుముందు కొన్నవాళ్ల లైబ్రరీలో అది అలాగే ఉంది. దాని ముఖం బాగుచేసే పని ఆ అభిమానులదే అయింది. ఐజీఐ లాంటి పాత ఆటను సీడీ నుంచి ఎక్కించుకుని స్టీమ్‌లో చేర్చుకుంటే మరీ దారుణం, బూడిదరంగు పలక మీద ఉత్త పేరు. అక్కడ ఎవరో చేసిన ఒక మంచి నిలువు బొమ్మ పెట్టగానే ఆ ఆట మిగతావాటి సరసన గౌరవంగా నిలబడుతుంది.

కదిలే బొమ్మలు కూడా పెట్టుకోవచ్చు. వరసలో ఒకటి కదిలితే మిగతావి కనబడవు కాబట్టి నాకు వాటి మీద మక్కువ లేదు. అన్ని ఆటలకూ ఒకే రకం పట్టీ, ఒకే తెల్ల లోగో తగిలించే మూసల మీదా లేదు. వరస ముచ్చటగా ఉంటుంది గానీ ఏ ఆట ఏదో పేరు చదివి తెలుసుకోవాల్సి వస్తుంది. మంచి నిలువు బొమ్మకు నేను పెట్టే పరీక్ష ఒకటే. చేత పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ 1280×800 తెర మీద అది బొటనవేలంత అయినప్పుడు, పేరు చదవకుండానే ఆటను గుర్తుపట్టగలగాలి. డూమ్ బొమ్మ ఆ పరీక్షలో నెగ్గుతుంది.

మీ లైబ్రరీలో ఇలాంటివి పెట్టుకున్నాక స్టీమ్ ఫోల్డరులో యూజర్‌డేటా, అందులో మీ అంకె, కాన్ఫిగ్, గ్రిడ్ అనే చోటికి వెళ్లి ఆ ఫైళ్లకు ఒక నకలు తీసి దాచుకోండి. కంప్యూటర్ మార్చినప్పుడు అక్కరకొస్తాయి. ఇంకో మనవి. అటక మీదో, పాత ట్రంకుపెట్టెలోనో ఏ ఆటదైనా అట్టపెట్టె గానీ, సీడీ డబ్బాలోని అచ్చు కాగితం గానీ ఉంటే పారేయకండి. 600 డీపీఐలో స్కాన్ చేసి, ఏ దిద్దుబాటూ చేయకుండా నలుగురికీ అందేలా పెట్టండి. మిగతా పని చేయడానికి చేతులున్నాయి, వాటికి కొరతగా ఉన్నది ఆ కాగితమే.