చూపు, సమ్మతి, ప్రచారం: పుష్కర ఛాయాచిత్రాల నైతికత

కోనసీమలోని ఐనవిల్లి మండలంలో, కోటిపల్లికి ఎదురుగా గౌతమీ తీరాన ముక్తేశ్వరం రేవు ఉంది. పన్నెండేళ్లకొకసారి వచ్చే గోదావరి పుష్కరాలలో ఇటువంటి రేవులకు జనం పోటెత్తుతారు. ఆరుబయట తడిబట్టలతో మునకలు వేసే స్త్రీలు, పిండప్రదానం చేస్తూ కంటతడి పెట్టే వృద్ధులు కెమెరాలకు సులభంగా చిక్కుతారు. బహిరంగంగా ఉన్నదాన్ని ఎవరైనా చూడవచ్చు, కనుక తీయవచ్చు అన్నది ఈ చిత్రాలకు సాధారణంగా వినిపించే సమర్థన. ఆ ‘కనుక’ ఎంతవరకు నిలుస్తుందన్నదే ఇక్కడ పరిశీలనాంశం.

రేవులో చూపుకు హద్దులున్నాయి. పక్కవారు చూసినా తల తిప్పుకుంటారు. బట్టలు మార్చుకునే స్త్రీకి తోటివారు చీర అడ్డం పడతారు. అంటే బహిరంగంలోనూ సమాజం ఒక మరుగును కల్పిస్తోంది. ఛాయాచిత్రం ఆ మరుగును తొలగించి, క్షణకాలపు చూపును రేవుతో సంబంధంలేని వేలమందికి చేరుస్తుంది.

చట్టం ఈ భేదాన్ని కొంతవరకే గుర్తించింది. భారతీయ శిక్షాస్మృతిలో 2013లో చేరిన 354సి సెక్షన్, నేటి భారతీయ న్యాయ సంహితలోని 77వ సెక్షన్ స్త్రీల ఏకాంత చర్యలను చిత్రీకరించడాన్ని నేరంగా పరిగణించాయి. ఏకాంతాన్ని సహేతుకంగా ఆశించదగిన ప్రదేశం అన్న షరతు వల్ల ఆరుబయటి రేవుకు వాటి వర్తింపు సందిగ్ధమే. అయితే తీయడానికిచ్చిన సమ్మతి ప్రచారానికిచ్చిన సమ్మతి కాదన్న వివరణ వాటిలోనే ఉంది. పుట్టస్వామి కేసు తీర్పులో (2017) జస్టిస్ చంద్రచూడ్ రాసిన అభిప్రాయం కూడా, బహిరంగ ప్రదేశంలో ఉన్నంతమాత్రాన వ్యక్తి గోప్యత పోదని చెబుతుంది.

ప్రతి చిత్రానికీ ముందస్తు సమ్మతి కావాలంటే సాక్ష్యం మిగలదన్న ఆక్షేపణ బలమైనదే. 2015 జులై 14న రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ తొక్కిసలాటలో 20 మందికి పైగా మరణించారు. అటువంటి ఘటనల చిత్రీకరణ ప్రజాప్రయోజనమే. కాని ఏర్పాట్ల వైఫల్యాన్ని చూపడానికి మృతుల ముఖాలు అవసరం లేదు. సదుద్దేశం ఒక్కటే చాలదని అమెరికాలో డొరోతియా లాంగ్ 1936లో తీసిన ‘మైగ్రెంట్ మదర్’ చరిత్ర తెలుపుతుంది. పేదరికానికి ప్రతీకగా ప్రపంచమెరిగిన ఆ తల్లి ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్, ఆ చిత్రం వల్ల తనకు ఒరిగిందేమీ లేదని దశాబ్దాల తరువాత వాపోయింది.

2027లో మళ్లీ పుష్కరాలు రానున్నాయి. రేవు సందడిని తెలపడానికి దూరపు దృశ్యం చాలు. ముఖం గుర్తుపట్టగల చిత్రమైతే అడిగి ప్రచురించడం, వద్దంటే తొలగించడం, స్నానదృశ్యాలను అసలు తీయకపోవడం కనీస నియమాలు కావాలి. చీర అడ్డం పట్టిన చేతులు ఏనాటి నుంచో పాటిస్తున్న మర్యాద ఇదే.