మామయ్య పుస్తకాలూ, మరిది ఫోనూ

నవల మీద విమర్శ రాయమంటే నా గుండెల్లో రాయి పడుతుంది. రాసినావిడ రేపు ఏ పెళ్లిలోనో ఎదురుపడుతుంది. బంతిలో నా పక్క విస్తరి ముందే కూర్చుంటుంది. అందుకని ఈసారి రచయిత పేరే లేని పుస్తకాలు తీసుకున్నాను. వాటిలో కథ లేదు, నాయిక లేదు, చివర శుభం లేదు. ట్రాన్సిస్టర్లు, ఐసీలు తయారుచేసే కంపెనీలు, తమ సరుకు గుణగణాలు చెబుతూ అచ్చువేసిన డేటా బుక్కులవి.

"బి.ఏ. తెలుగు చదివినదానివి, నీకెందుకే అవి?" అని మా ఆయన నవ్వారు. నవ్వితే నవ్వారు. వంట రానివాళ్లు కూరకు వంకలు పెట్టడం లేదూ?

భద్రాచలంలో మా మామయ్యకు రేడియో రిపేరు షాపుండేది. వేసవి సెలవులొస్తే ఖమ్మం నుంచి బస్సెక్కేదాన్ని. కొత్తగూడెం, పాల్వంచ దాటాక అడవి గాలి తగిలేది, గోదావరి వంతెన మీదికి రాగానే మామయ్య షాపులోని టంకం వాసన గుర్తొచ్చేది. శ్రీరామనవమి ముందు ఆ షాపులో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. కల్యాణం జరిగే ఊళ్లోనే ఉన్నా రేడియోలో వ్యాఖ్యానం వినకపోతే తృప్తి లేదు జనానికి. చర్ల నుంచీ, దుమ్ముగూడెం నుంచీ గుడ్డల్లో చుట్టుకుని రేడియోలు తెచ్చేవారు.

బల్ల వెనక అలమారలో ఆ పుస్తకాలు. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకు వచ్చినప్పుడు అవన్నీ తడిసి ముద్దయ్యాయి. నీళ్లు తీశాక అత్తయ్య వాటిని మేడ మీద, వడియాలు పెట్టినట్టు, పేజీ పేజీ విడదీసి ఎండబెట్టింది. చిన్నపిల్లనైన నాకు కాకుల్ని తోలే పని. ఆ వండ్రు మరక ఇప్పటికీ వాటి అంచుల మీద ఉంది.

ఇక విమర్శలోకి వస్తాను.

అన్నిటికన్నా పాతది ఆర్‌సీఏ వారి రిసీవింగ్ ట్యూబ్ మాన్యువల్. వాల్వు రేడియోల కాలం నాటిది. నా దృష్టిలో అది పెద్దబాలశిక్ష. ఎలక్ట్రాన్ అంటే ఏమిటి అన్న దగ్గర మొదలుపెట్టి, ఒక్కో వాల్వు సంగతీ వరసగా చెప్పి, చివర "ఇదిగో, ఇలా చేసుకో" అన్నట్టు సర్క్యూట్లు ఇస్తుంది. చదివేవాడికి ఏమీ తెలియదనీ, అయినా నేర్చుకోగలడనీ రెండూ నమ్మిన పుస్తకం. ఈ రెండు నమ్మకాలూ ఒక్కచోట ఉన్న రచయితలు మాలో ఎంతమంది?

తర్వాతి తరం డెబ్భైల నాటిది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీటీఎల్ డేటా బుక్, టవర్స్ గారి ట్రాన్సిస్టర్ సెలెక్టర్ లాంటివి. మన బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారి బీసీ148 ట్రాన్సిస్టర్లు రేడియోల్లో వెలిగిన రోజులవి. ఇటు హైదరాబాదులో 1967లో ఏ.ఎస్. రావు గారి ఆధ్వర్యంలో ఈసీఐఎల్ వెలిసి, తర్వాత మన ఇళ్లకు టీవీలు పంపింది. ఈ తరం పుస్తకాలది మితభాషణ. టవర్స్ పుస్తకంలోనైతే అసలు వాక్యాలే ఉండవు. పేజీల నిండా గళ్లు. ఫలానా ట్రాన్సిస్టర్ దొరక్కపోతే బదులుగా ఏది పెట్టాలో చెప్పే గడి ఒకటుంది చూడండి, మా మామయ్య సంసారం దాని మీదే నడిచింది.

మామయ్య నాకు వివరించి చెప్పిన కాగితం ఒక్కటే, 555 అనే టైమర్ ఐసీది. హాన్స్ కామెంజిండ్ అనే ఆయన సిగ్నెటిక్స్ కంపెనీ కోసం రూపొందించగా, 1972లో మార్కెట్లోకి వచ్చింది. ఎనిమిది కాళ్ల చిన్న పురుగు. దానికి ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు తగిలిస్తే ఎంతసేపు ఆగాలో లెక్క వచ్చేస్తుంది. రెండింటి విలువలూ గుణించి, ఆ వచ్చినదాన్ని 1.1తో గుణించడమే. పది లక్షల ఓములూ, 10 మైక్రోఫారడ్లూ అయితే 11 సెకన్లు. తెలుగు పండితురాలు కాబోయే పిల్లకు కూడా అర్థమయ్యేట్టు రాశారంటే రాసినవాడికి దండం పెట్టాలి.

అందులో నాకు నచ్చిన మాటలు రెండు. ఒకటి, దాటకూడని హద్దు. మామూలు 555ను 4.5 నుంచి 16 వోల్టుల మధ్య వాడుకోమంటారు. 18 దాటితే మాత్రం కాలిపోయినా మమ్మల్ని అడగొద్దంటారు. రెండోది 'టిపికల్'. అంటే సాధారణంగా ఇంత ఉంటుంది, కచ్చితంగా ఇంతే అని మాటివ్వం అని. పెళ్లిచూపుల్లో అబ్బాయి గుణగణాలు కూడా ఇలా మూడు గడుల్లో, కనిష్ఠం, సాధారణం, గరిష్ఠం అని రాసిస్తే ఎన్ని కాపురాలు బాగుపడేవో!

మూడో తరం మా మామయ్య కొడుకుది. నాకు మరిది వరస. పుస్తకం ముట్టడు. అంతా ఫోనులోనే, పీడీఎఫ్‌లు. ఆ 555 కాగితమే ఇప్పుడు పదుల పేజీలైంది. ఇక కంప్యూటరు లాంటి చిప్పుల సంగతి చెప్పనక్కర్లేదు. ఎస్‌టీఎం32ఎఫ్4 అనే వరస చిప్పుల రిఫరెన్స్ మాన్యువల్ 1700 పేజీలు దాటింది. మహాభారతంలా ఉందిరా అంటే, "మొత్తం ఎవరు చదువుతారు వదినా, వెతుక్కోవడమే" అన్నాడు. అదీ నిజమే. అలమార బరువు లేదు, డబ్బు లేదు, పట్నం పోయి బతిమాలుకునే పని లేదు. అడవి అంచున కూర్చుని ఏ దేశపు చిప్పు గురించైనా చదవొచ్చు. ఇది చిన్న మేలు కాదు.

ఇంకో మంచి అలవాటూ ఉంది. చివర, ఏ సంవత్సరం ఏ తప్పు దిద్దామో జాబితా వేస్తారు. మా నవలా రచయితలకీ ఆ నియమం పెడితే నేను మొదటి వారంలోనే రాయడం మానేస్తాను! కానీ ఆ వెనకే పూచీ మాది కాదంటూ వకీలు భాష. పాత పుస్తకం బల్ల ముందు కూర్చున్నవాడికి రాసింది. కొత్త దానిలో సగం కోర్టులో నిలబడబోయేవాడికి రాసినట్టుంటుంది.

ఇంతవరకూ రాసి, అన్ని తరాల పుస్తకాల్లోనూ ఉన్న లోపం ఒకటి దాచాను. అది అత్తయ్య సంగతి.

అత్తయ్య ఆ షాపులో కాయిల్స్ చుట్టేది, టంకం వేసేది. మామయ్య కన్నా ఆవిడ చెయ్యే నిలకడ. ఇంగ్లీషు రాదు. తెలుగులో ఆ పుస్తకం లేదు. మరి ఎలా చేసేదంటారా? రెసిస్టరు మీద రంగుల గీతలుంటాయి కదా, చీర అంచు గుర్తుపట్టినట్టు గుర్తుపట్టేది. గోధుమ, నలుపు, ఎరుపు వస్తే వెయ్యి ఓములు. ఎరుపు, ఎరుపు, గోధుమ అయితే 220. ఏ భాషా అక్కర్లేకుండా, వస్తువు ఒంటి మీదే రాసిన పుస్తకం అది. ఇప్పటి బోర్డుల మీద ఆ రంగులు పోయాయి. ఆవగింజంత రెసిస్టర్ల మీద సూది మొన అంకెలు. అలాంటి కెపాసిటర్ల మీద చాలావరకు అవీ ఉండవు. కొందరైతే చిప్పు మీది నంబరు కూడా గీకేసి అమ్ముతారు, ఎవరూ కాపీ కొట్టకుండా. 1700 పేజీలు పెరిగిన చోటే, అత్తయ్య చదవగలిగిన ఒక్క వాక్యమూ చెరిగిపోయింది.

2022 జులైలో వాళ్లను చూడబోయి వరదలో చిక్కుకుపోయాను. గోదావరి 71.3 అడుగులు. మా వీధిలో కరెంటు లేదు, ఫోను సిగ్నల్ లేదు. మేడ మీద మూడు కుటుంబాలకు కలిపి ఒక్కటే చార్జింగ్ లైటు. రెండో రాత్రి అది కాస్తా ఆరిపోయింది. పక్కింటి పసిపిల్లకు జ్వరం, చీకట్లో మందు సీసా కనబడదు. మరిది టార్చి వెలుగులో లైటు విప్పాడు. ఎనిమిది కాళ్ల చిప్పు, పైన నంబరు గీకేసి ఉంది. నంబరున్నా వెతకడానికి ఫోను పనిచేయదు. మామయ్య వండ్రు మరకల పుస్తకాలు ముందేసుకున్నాడు, వాటిలో ఈ చిప్పు పుట్టనేలేదు. తండ్రీ కొడుకులిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"చిప్పును వదిలేయండ్రా" అంది అత్తయ్య. "నాలుగు వోల్టుల బ్యాటరీ మంచిదేగా? దీపానికీ దానికీ మధ్య రెసిస్టరు పెడితే సరిపోదూ?" పాత డబ్బా కుమ్మరించి, టార్చి దగ్గరికి పెట్టుకుని ఒక్కొక్కటే ఏరింది. పసుపు, ఊదా, నలుపు. 47 ఓములవి. ఒక్కో చిన్న దీపానికి ఒక్కోటి చొప్పున మరిది అతికించాడు. లైటు మసగ్గానే వెలిగింది. మందు సీసా మీది అక్షరాలు చదవడానికి ఆ వెలుగు చాలు.

తెల్లవారాక అత్తయ్య కొడుకు చేత ఓ పని చేయించింది. నోటు పుస్తకంలోంచి సగం కాగితం చింపించి, బొమ్మ వేయించి, పక్కన తెలుగులో రాయించింది: 'బ్యాటరీ నాలుగు వోల్టులు. ఒక్కో దీపానికి పసుపు, ఊదా, నలుపు. చిప్పు తీసేశాం.' ఆ కాగితాన్ని లైటు మూత లోపల అంటించింది.

"ఎందుకమ్మా, మనకు తెలుసుగా?" అన్నాడు వాడు.

"రేపు ఇది ఎవరి చేతిలో పడుతుందో!" అంది అత్తయ్య.

విమర్శకురాలిగా నా తీర్పు అడిగితే, ఈ విషయం మీద నేను చదివిన వాటన్నిటిలోకీ మంచి రచన ఆ సగం కాగితమే. కొత్త నవల మొదలుపెట్టినప్పుడల్లా అత్తయ్య మాట గుర్తుచేసుకుని, మొదటి పేజీ మళ్లీ రాస్తున్నాను.