చిత్ర పరిమాణం – చూపు దూరం: తెలంగాణ చిత్రకళపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: చిన్న కాగితం మీద పట్టు సాధించిన చిత్రకారుడు పెద్ద కాన్వాసును చేపట్టినప్పుడు చిత్రంలో ఏం మారుతుందన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాల బోర్డు చిత్రకారుల పని, ఫణిగిరి తోరణం, చేర్యాల పటం, కె. లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం చిత్రాలు ఇందుకు ఆధారాలు. పరిమాణం కేవలం కొలత కాదని, చూసేవారి దూరంతో చిత్రకారుడు కుదుర్చుకునే సంబంధమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పరిమాణం, కాన్వాసు, బ్యానరు, చేర్యాల పటం, రేఖ, చూపు దూరం.

1. ప్రస్తావన

చిత్రకళా విమర్శలో వస్తువు, శైలి, రంగుల గురించి జరిగినంత చర్చ పరిమాణం గురించి జరగలేదు. చిత్రం కింద కొలతలు ముద్రించడంతోనే ఆ విషయం ముగిసిపోతుంది. చిత్రకారుడికి మాత్రం అది మొట్టమొదటి నిర్ణయం. పెద్ద కాన్వాసును చేపట్టడం ఎదుగుదలకు గుర్తు అని, చిన్న చిత్రం సాధన దశకు చెందినదని భావించడం పరిపాటి అయింది. ఈ భావనను మన ప్రాంతపు చిత్రకళానుభవం ఎంతవరకు సమర్థిస్తుందో చూడవలసి ఉంది.

2. బోర్డు చిత్రకారుల అనుభవం

సూర్యాపేట, కోదాడ హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్న పట్టణాలు. మిర్యాలగూడ నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పండే వరితో, రైస్‌మిల్లులతో విస్తరించిన పట్టణం. ఫ్లెక్సీలు రాకముందు ఇటువంటి పట్టణాలలో బోర్డులు రాసే ఆర్టిస్టు పని ఒకే కొలతలో సాగేది కాదు. బండి నంబరు పలక, దుకాణం బోర్డు, మిల్లు గోడ మీద ప్రకటన, సినిమా బ్యానరు అన్నీ ఒకే చేతి మీదుగా నడిచేవి.

బ్యానరు వేయడానికి చిన్న ఫొటో మీద గళ్ళు గీసి, అన్నే గళ్ళను పెద్ద గుడ్డ మీద గీసుకుని, గడి తరువాత గడిగా బొమ్మను దింపేవారు. ఈ పద్ధతి పోలికను పెంచగలదు గాని చిత్రాన్ని పెంచలేదు. ఫొటోలోని ప్రతి వివరాన్నీ యథాతథంగా పెద్దది చేస్తే రోడ్డు అవతలి నుంచి అది అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. అందువల్ల సన్నని వివరాలను విడిచిపెట్టి, నీడలను ముదురు చేసి, చెంపల మీద గులాబి, నీలం రంగులను పక్కపక్కనే గట్టిగా పట్టించేవారు. దగ్గర నిలబడితే అతుకుల్లా కనిపించే ఆ రంగులు దూరానికి ముఖంగా కుదురుకునేవి. బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసిన ఎం.ఎఫ్. హుసేన్ కాన్వాసులలో కనిపించే బలమైన, వేగవంతమైన రేఖకు ఈ అనుభవంతో గల సంబంధం గమనించదగినది.

ఇదే సమస్యకు రెండో కొస అధికారిక చిహ్నం. పూర్వపు నల్లగొండ జిల్లాకు చెందిన ఏలె లక్ష్మణ్ రూపొందించిన తెలంగాణ రాష్ట్ర చిహ్నం 2014లో అమలులోకి వచ్చింది. కాకతీయ తోరణం, దాని లోపల చార్మినార్ అందులో ప్రధానం. అది ప్రభుత్వ ఉత్తరం పైనా, కార్యాలయ భవనం మీదా ఒకే విధంగా గుర్తుపట్టేలా ఉండాలి. ఇక్కడ రూపాన్ని నిలబెట్టేది వివరం కాదు, బయటి రేఖ.

3. పొడిగించడం, పెంచడం

చిత్రం పెద్దది కావడానికి రెండు మార్గాలున్నాయి: నిడివిని పొడిగించడం, రూపాన్ని పెంచడం. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి బౌద్ధ క్షేత్రంలో లభించిన సున్నపురాతి తోరణపు దూలం మొదటి మార్గానికి ప్రాచీన నిదర్శనం. 2023లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శితమైన ఈ శిల్పంలో బుద్ధుని జీవిత ఘట్టాలు వరుసగా సాగుతాయి. దూలం ఎంత పొడవున్నా అందులోని మనిషి బొమ్మ చిన్నదే.

చేర్యాల నకాషీ చిత్రకారులదీ ఇదే మార్గం. సుమారు మూడడుగుల వెడల్పుతో, అరవై అడుగుల దాకా నిడివితో వేసిన పటాలు ఉండేవి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారి వంటి కథకులు పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ కథ నడిపేవారు. ప్రేక్షకుడికి పటమంతా ఒక్కసారి కనిపించదు. ఎంత కనిపించాలో కథకుడు నిర్ణయిస్తాడు. నేడు అదే శైలిలో గోడకు తగిలించే చిన్న చిత్రాలు ఎక్కువగా తయారవుతున్నాయి. ఎర్రని నేపథ్యం, ముఖరేఖలు అలాగే ఉన్నా ముందు వెనుకల ఘట్టాలు లేవు, చెప్పే గొంతు లేదు. కథలో ఒక క్షణంగా ఉన్నది అలంకారంగా మారే ప్రమాదం ఇక్కడ ఉంది. చిన్నది చేయడం కూడా రచనను మళ్ళీ ఆలోచించవలసిన పనే.

4. రేఖ, రంగు, కొలత

రూపాన్ని పెంచే రెండో మార్గంలోని ఇబ్బందిని ఇద్దరు ఆధునిక చిత్రకారుల పని స్పష్టం చేస్తుంది. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో జన్మించిన లక్ష్మాగౌడ్ 1963–65 మధ్య బరోడాలో కుడ్యచిత్రణను అభ్యసించారు. గోడను చదువుకున్న ఈ చిత్రకారుడికి గుర్తింపు తెచ్చినవి మాత్రం ఎచింగులు, సిరా చిత్రాలు. పల్లె మనుషులు, మేకలు, చెట్లు కలగలిసిన ఆ లోకాన్ని కట్టేవి దగ్గరదగ్గరగా పడే సన్నని గీతలు. ఆ గీతలు చూసేవారిని చేతి దూరానికి రప్పించుకుంటాయి. అందులోని శృంగారానికీ, గోప్యతకూ ఆ సామీప్యం అవసరం. వాటినే గోడంత చేస్తే గీతల మధ్య ఖాళీ పెరిగి ఆ ఒత్తిడి సడలుతుంది. ఆయన చిన్న కొలత పరిమితి కాదు, అర్థంలో భాగం.

కరీంనగర్ ప్రాంతపు బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం కూడా బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ వద్ద అభ్యసించినవారే. ఆయన స్త్రీమూర్తులలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు విశాలమైన ముద్దలుగా నిలుస్తాయి; బొట్టు, చీర అంచు వాటికి హద్దులు కడతాయి. ఈ రూపాలు కాన్వాసు పెరిగినా చెదరవు. అయితే పెంపును తట్టుకోవడం వేరు, పెంపు వల్ల కొత్త అర్థం రావడం వేరు. అదే మూర్తి మరింత పెద్దదై ఎదురైనప్పుడు కొత్తగా తెలిసేది లేకపోతే, పెరిగింది కొలత మాత్రమే.

5. ముగింపు

పెద్ద కాన్వాసును ప్రయత్నించవద్దని ఈ పరిశీలన సారాంశం కాదు. మణికట్టుతో గీసిన గీతకూ భుజం నుంచి వచ్చిన గీతకూ తేడా ఉంది. ఆ తేడా కొలత మార్చినప్పుడే చేతికి తెలుస్తుంది. కాని ఆ ప్రయత్నానికి ముందు చూసేవారు ఎక్కడ నిలబడతారు, అక్కడి నుంచి ఏ వివరం మిగులుతుంది, ఏది విడిచిపెట్టాలి అన్న ప్రశ్నలు తేలాలి. బ్యానరు చిత్రకారుడు ఈ ప్రశ్నలకు రోజూ సమాధానం చెప్పుకున్నాడు. ఫ్లెక్సీ యంత్రం ఏ బొమ్మనైనా ఏ కొలతకైనా సాగదీయగలదు గాని, దూరాన్ని బట్టి విడిచిపెట్టవలసినదాన్ని అది ఎంచుకోలేదు. అందువల్ల బోర్డు పని కనుమరుగైతే ఒక ఉపాధితో పాటు ఈ జ్ఞానం కూడా పోతుంది. చిన్న పట్టణాల నుంచి కాన్వాసు వైపు వస్తున్న యువ చిత్రకారుల పనిని విమర్శకులు చదరపుటడుగులతో కాక ఈ ప్రశ్నలతో అంచనా వేయడం అవసరం.