కీలుపండ్ల సాక్ష్యము

కోహీర్‌లో కూర్చుండి సముద్రపు చిప్పలను గూర్చి వ్రాయుట కొందఱికి వింతగా తోచవచ్చును. మా ఊరి జామతోటలు పెరుగు ఎఱ్ఱమొరపు నేల అడుగున బావి త్రవ్వువారి గునపములకు ఎదురుతగులు నల్లరాయి, సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కను భూమిపై పొరలు పొరలుగా పఱచుకొన్న లావా. ఉప్పునీటి వాసన ఈ దరిదాపుల లేదు. అయినను నా కిటికీయొద్ద బల్లమీద, కాకినాడకు పోయినప్పుడెల్ల ఉప్పాడ ఒడ్డున ఏరి తెచ్చిన చిప్పలతో నిండిన అట్టపెట్టె ఒకటి ఎప్పుడును ఉండును. ఆదివారము ఉదయమున వానిని మంచినీట కడిగి, నీడను ఆరవైచి, మెత్తని కుంచెతో కీళ్లలోని ఇసుకను దులిపి, భూతద్దము క్రింద ఒక్కొక్కటిగా చూచుచు, ఏది ఏ కుటుంబమునకు చెందునో, ఏ ప్రజాతియో, ఏ జాతియో వేరుచేసి పెట్టుట ఇరువది యేండ్లుగా నాకు అభ్యాసము.

మొదటి దినములలో నేను వన్నెను నమ్మితిని. తేనెరంగువి ఒక పొట్లమునను, గోధుమచారలు గలవి ఒక పొట్లమునను, పాలవలె తెల్లనివి వేఱొకట నుంచి, ఆఱు జాతులని కాగితముమీద వ్రాసికొన్న చిప్పలు అన్నియు మెరెట్రిక్స్ అను ఒక్క ప్రజాతిలోని ఒక్క జాతివే యని తెలిసిన నాడు నాకు కనువిప్పు కలిగినది. ఈ ప్రజాతి యందు రంగు ఏ నియమమునకును లోబడదు. పూర్వపు పండితులును దానిని నమ్మి ఒక్క జాతికే పెక్కు నామములు ఒసంగియున్నారు.

నమ్మదగిన సాక్ష్యము లోపల నున్నది. చిప్పను రెండుగా విప్పి, ముక్కువలె ముందునకు వంగిన శిఖరము క్రింద కీలును చూచినచో, వెనరిడే కుటుంబమువానికి ఒక్కొక్క పుటమందును మూడేసి ముఖ్యదంతములు విసనకఱ్ఱ పుల్లలవలె విచ్చుకొని కనబడును. ఒక పుటమందలి పంటికి రెండవ పుటమందు సరిగా ఇమిడెడు గుంట యుండును. మెరెట్రిక్స్ నందు వీనికి తోడుగా ముందువైపున పార్శ్వదంతము ఒకటి కలదు. అదే కుటుంబపు పేఫియా ప్రజాతి యందు అది లేదు. ఇక పుటము లోపలితట్టు, ప్రావారము అను మెత్తని దేహపుపొర అంటియుండిన చోటును తెలుపు రేఖ వెనుకభాగమున లోనికి వంగి ఒక నొక్కుగా ఏర్పడును. ఈ ప్రాణి ఇసుకలో దాగి, రెండు నాళములను పైకి చాచి, ఒకదానితో నీరు పీల్చి వేఱొకదానితో విడుచును గదా. అపాయము తోచినప్పుడు ఆ నాళములు ముడుచుకొనుటకు కావలసిన తావే ఆ నొక్కు. మాంసము నశించి ఎన్నియేండ్లు గడచినను, ఆ ప్రాణి బ్రతికిన తీరును ఆ గీతలో చదువుకొనవచ్చును. ఈ విద్యలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము ఇదియే.

కాకినాడ అఖాతమున విరివిగా దొరకునదియు, హీమోగ్లోబిన్ వలన నెత్తురు ఎఱ్ఱగా నుండునదియు నగు గుల్ల ఒకటి కలదు. బయటినుండి చూడ అదియు బొద్దుగా, గుండ్రముగా నుండి చుట్టమే యనిపించును. వీపుమీద మాత్రము ఇరువది వఱకు గట్లుండును. కీలు విప్పినంతనే సందేహము తీఱును: తిన్నని గీత వెంబడి దువ్వెనవలె చిన్నచిన్న పండ్లు. అది ఆర్కిడే కుటుంబము. వెనరిడేతో దానికి పొత్తు లేదు.

పేర్ల కథ మఱియు దీర్ఘము. లిన్నేయస్ 1758లో ఈ చిప్పలలో పెక్కింటిని వీనస్ అను ఒక్క ప్రజాతిలో చేర్చెను. లామార్క్ 1799లో మెరెట్రిక్స్‌ను వేఱు ప్రజాతిగా నిలిపెను. రఫినెస్క్ 1815లో కుటుంబమునకు పేరు పెట్టెను. లామార్క్ వీనిలో కొన్నింటికి వీనస్ దేవత మాఱుపేరే యగు సితేరియా అను నామము కూడ పెట్టెను గాని, అంతకు ముందే ఫాబ్రిసియస్ ఆ పేరును ఒక ఈగకు ఇచ్చియుండుటచేత, ముందు పెట్టిన పేరునకే చెల్లుబాటు అను నియమము ననుసరించి చిప్పలు దానిని వదలుకొనవలసి వచ్చినది. అట్లని సితేరియాను నేను మఱవలేను. రాజమహేంద్రవరము చెంత కాతేరున లావాపొరల నడుమ దొరకిన శిలాజపు చిప్పలను నాగపురపు మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ 1860లో వర్ణించినప్పుడు, వానిలో కొన్నింటికి ఆ పేరే వాడెను. అక్కడి లావా పడమటి దక్కనునుండి సుమారు వేయి కిలోమీటర్లు ప్రవహించి పోయినదని భూగర్భశాస్త్రజ్ఞులు పలువురు తలంతురు. నా యింటి పునాది క్రింది రాతికి బంధువగు రాయి, గోదావరి ముఖద్వారపు చిప్పలను కప్పి కాపాడినదని తలంచినప్పుడెల్ల నా ఒడలు పులకించును.

మైరా కీన్ 1969లో ఈ కుటుంబమును 12 ఉపకుటుంబములుగా విభజించెను. మా వంటి వారము చాలకాలము ఆ పట్టికనే ప్రమాణముగా చేసికొంటిమి. తరువాత 2006లో పౌలా మిక్కెల్సెన్, రూడిగర్ బీలర్ మొదలగువారు దేహలక్షణములను, డీఎన్ఏను కలిపి పరిశీలించి, అంతవఱకు వేఱు కుటుంబముగా నెంచిన పెట్రికోలా వర్గమును వెనరిడే లోనికి తెచ్చిరి. పెట్రికోలాలు రాళ్లను, గట్టిమట్టిని తొలిచి అందే కాపురముండునవి. ఇఱుకు బొఱియకు తగినట్లు ఒడలు సాగి, ఆకృతి చెడి, వంశపు పోలికలు మఱుగుపడినవి. నివాసము మార్చిన రూపమును చూచి పండితులు వానిని పరాయివానిగా నెంచిరి. ఈ మార్పును తెలిసికొన్న రాత్రి నేను నా పాత చీటీలన్నిటిని తీసి, పెన్నుతో వ్రాసినవానిని కొట్టివైచి, పెన్సిలుతో మరల వ్రాసితిని. తీరప్రాంతపు మత్స్యశాఖ పుస్తకములందు పేఫియా మలబారికా యని చదివిన చిప్పయు నేడు ప్రొటేపిస్ గాలస్ అయినది. ఆ చీటీయు పెన్సిలుదే.

పెట్టెలో ఒక చిప్ప మిగిలియున్నది. కెరటములకు దొర్లిదొర్లి కీలుపండ్లు మూడును అరిగిపోయినవి, లోపలి గీత మాసిపోయినది. మెరెట్రిక్స్ యనుటకు మనసు త్వరపడును గాని పార్శ్వదంతము ఉండవలసిన చోట నున్నని నునుపు తప్ప ఏమియు లేదు. దాని పొట్లముమీద ఉప్పాడ అనియు, ఏరిన దినమును మాత్రము వ్రాసి, పేరు వ్రాయు చోటు ఖాళీగా నుంచితిని.