జమ్ము పక్కన చేను

ఆగస్టు నెలాఖరుకు అమెరికాలోని నార్త్ డకోటాలో పొద్దుతిరుగుడు రేకులు రాలి, గింజ పాలు పోసుకుంటుంది. సరిగ్గా అప్పుడే రెడ్‌వింగ్డ్ బ్లాక్‌బర్డ్‌లు దిగుతాయి. మగపిట్ట ఒళ్లంతా నలుపు, భుజాన మాత్రం ఎర్రటి పట్టీ. వీటికి గ్రాకిల్‌లు తోడవుతాయి. పిల్లలు గూళ్లలో ఉన్నన్నాళ్లూ పురుగుల్ని ఏరి తిని రైతుకు మేలు చేసినవే, వలసకు ముందు గుంపులు కట్టి గింజల మీద పడతాయి.

రాష్ట్రం మొత్తమ్మీద చూస్తే నష్టం ఒకటి రెండు శాతమే అంటారు. ఆ సగటు జమ్ము మడుగు పక్కన చేనున్న రైతుకు పనికిరాదు. హిమానీనదాలు కరిగిపోతూ వదిలిన గుంటలు అక్కడ కోకొల్లలు. వాటిలో మనిషిని మించి ఎదిగే జమ్ములో వేల పిట్టలు రాత్రి గడిపి, తెల్లారగానే దగ్గరి చేలో వాలతాయి. అలాంటి చేలలో 20 శాతానికి పైగా పోయిన సందర్భాలున్నాయి. కొందరు విసిగి ఈ పంటే మానేశారు.

చప్పుడు చేస్తే పోవా? పోతాయి, కొన్నాళ్లు.

అక్కడ ప్రొపేన్ గ్యాస్‌తో పేలే ఫిరంగులు పెడతారు. ఒకేచోట ఒకే తీరున మోగుతుంటే పిట్టలు త్వరలోనే లక్ష్యపెట్టడం మానేస్తాయి. మన జొన్నచేలో మంచె మీది మనిషి వడిసెల తిప్పితే రాయి ఎటు వస్తుందో పిట్టకు తెలియదు. వందల ఎకరాల్లో అలా కాపలా కాయడం కుదరదు కాబట్టి, ఫిరంగిని తరచూ చోటు మార్చి, మధ్యమధ్య తుపాకీ కూడా పేల్చాలి. చంపి తగ్గిద్దామంటే వాటి సంఖ్య కోట్లలో ఉంది.

అసలు పోటీ కాలంతో. నష్టంలో ఎక్కువ భాగం పూత ముగిసిన మొదటి రెండు మూడు వారాల్లోనే జరుగుతుంది. లేతగింజ చిన్నది, కడుపు నిండాలంటే ఎక్కువ తినాలి. అందుకే పిట్ట ఆ చేనుకు అలవాటు పడకముందే కాపలా మొదలవ్వాలి. గింజలో తేమ 35 శాతానికి దిగాక మొక్కను ఎండబెట్టే మందు కొట్టి, కోత ముందుకు జరిపేవాళ్లూ ఉన్నారు.

పిట్టలకు ఆశ్రయం లేకుండా చేయాలని 1990ల నుంచి ప్రభుత్వమే విమానాలతో జమ్ము మీద గ్లైఫోసేట్ కలుపుమందు చల్లించింది. నీడ పోయిన పిట్టలు మరో మడుగు వెతుక్కుంటాయి, దాని పక్కనా ఎవరిదో ఒక చేను ఉంటుంది. పైగా శీతాకాలంలో ఆ జమ్మే జింకలకూ ఫెజెంట్ కోళ్లకూ చాటు. వేటగాళ్లకు అది కావాలి.

ఖర్చు తక్కువ పని మరొకటుంది. ఒకరి చేను ముందే పండితే గుంపంతా దాని మీదే పడుతుంది. ఇరుగుపొరుగు చేలు ఒకేసారి పూతకొస్తే ఆ తిండి పదిమందికీ పంచుకుపోతుంది. కాకపోతే అందుకు ఇరుగుపొరుగు మాట్లాడుకోవడం పిట్ట కనిపించే ఆగస్టులో కాదు, విత్తనానికి ముందు మే నెలలోనే జరగాలి.